మద్రాసు కౌన్సిల్లో మనకి కుర్చీ లేదు



ఇది మొన్న మన యువతీ యువకుల క్లాసులో నేను మాట్లాడింది. రాలేకపోయిన వాళ్ళు రాసి పెట్టమన్నారు. మాట్లాడినట్టే ఉంచాను, అక్కడక్కడా కొంచెం సర్దాను.

ముందు మా ఊరి సంగతి ఒకటి చెప్తాను. పోడు పట్టాల కోసం మేం పెట్టుకున్న అర్జీల్లో కొన్ని వెనక్కి వచ్చాయి. ఎందుకో కనుక్కుందామని మా ఊరి పెద్దాయనతో కలిసి ఒక ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి సారు ఫైలు తిరగేసి, "ఇది మద్రాసు చట్టం కింద ఎప్పుడో రిజర్వు అయిన అడవయ్యా. మీ తాతలు పుట్టకముందు సంగతి. ఇప్పుడొచ్చి అడిగితే ఏం లాభం?" అన్నాడు. పెద్దాయన అక్కడేం మాట్లాడలేదు. మెట్లు దిగాక నన్నడిగాడు: "ఒరే, ఆ చట్టం చేసేటప్పుడు మనోళ్ళని ఎవరైనా పిలిచారా?"

నేను బీఏ హిస్టరీ చదివాను. 1857 తెలుసు, 1885లో కాంగ్రెస్ పుట్టిందని తెలుసు. మా కొండని రిజర్వు చేసిన చట్టం ఎవరు, ఏ గదిలో కూర్చుని చేశారో మాత్రం తెలీదు. పరీక్షలో ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు మరి. అప్పటినుంచి వెతకడం మొదలుపెట్టాను. వెతికితే తేలిందేంటో ఈ రోజు చెప్తాను.

ఆ చట్టం చేసింది మద్రాసు శాసన మండలి. అప్పట్లో లెజిస్లేటివ్ కౌన్సిల్ అనేవాళ్ళు. ఇప్పటి ఆంధ్రాలో ఎక్కువ భాగం, తమిళనాడు, మలబారు, ఒరిస్సాలోని గంజాం, అన్నీ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీయే. 1833లో ఇంగ్లండు పార్లమెంటు చట్టాలు చేసే అధికారం మద్రాసు నుంచి తీసేసి, మొత్తం కలకత్తాలో ఉండే గవర్నర్ జనరల్ చేతిలో పెట్టింది. 1861లో ఇండియన్ కౌన్సిల్స్ చట్టం తెచ్చి, ఆ అధికారం కొంత తిరిగిచ్చింది. మద్రాసు శాసన మండలి కథ అక్కడ మొదలైంది.

శాసన మండలి అనగానే మనకి అసెంబ్లీ గుర్తొస్తుంది కదా. ఓట్లు, పార్టీలు, వాకౌట్లు, టీవీలో అరుపులు. అవేవీ ఊహించుకోకండి. గవర్నరు, ఆయన సొంత కౌన్సిలు సభ్యులు, అడ్వొకేట్ జనరల్, వీళ్ళు కాక గవర్నరు తన ఇష్టం కొద్దీ వేసుకునే అదనపు సభ్యులు నలుగురి నుంచి ఎనిమిది మంది వరకు. అంతే! ఆ అదనపు సభ్యుల్లో సగం మందైనా సర్కారు ఉద్యోగులు కాకూడదని రూలు. రెండేళ్ళ పదవి. ఎన్నిక లేదు, ఓటు లేదు. మూడు కోట్ల పైచిలుకు జనానికి చట్టాలు చేసిన వాళ్ళంతా ఒక మోస్తరు గదిలో సరిపోతారు. మాట్లాడుకునే భాష ఇంగ్లీషు.

ఆ ఉద్యోగులు కానివాళ్ళు ఎవరు? తెల్ల వ్యాపారులు, జమీందారులు, పెద్ద వర్తకులు, ప్లీడర్లు. వాళ్ళలో మంచివాళ్ళు లేరని నేననను. గాజుల లక్ష్మీనరసు శెట్టి అని మద్రాసులో మన తెలుగు వర్తకుడు ఉండేవాడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టాడు, క్రెసెంట్ అనే పత్రిక నడిపాడు. శిస్తు కట్టలేని రైతుల్ని రెవెన్యూ ఉద్యోగులు చిత్రహింసలు పెడుతున్నారని ఇంగ్లండు పార్లమెంటు దాకా గొంతు వినిపించాడు. 1855లో చిత్రహింసల మీద విచారణ కమిషన్ పనిచేసిందంటే అలాంటి వాళ్ళ పోరాటం ఉంది దాని వెనక. అదే మనిషిని 1863లో కౌన్సిల్లోకి తీసుకున్నారు.

తీసుకున్నాక ఆయన ఏం చేయగలడు? ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. 1861 చట్టం ప్రకారం ఆ సభలో తమ ముందు పెట్టిన బిల్లు మీద తప్ప ఇంక దేనిమీదా మాట్లాడకూడదు. సర్కారుని ప్రశ్న అడగడానికి లేదు. బడ్జెట్ మీద చర్చ లేదు. బిల్లు పాసైనా గవర్నరు ఒప్పుకోవాలి, ఆపైన కలకత్తాలో గవర్నర్ జనరల్ ఒప్పుకోవాలి. అంత దాకా వచ్చినదాన్ని కూడా లండన్‌లో రాణి పేరు మీద కొట్టేయొచ్చు. రైతుల బాధ సముద్రం దాటించిన మనిషికే లోపల నోరు కట్టేస్తే, అసలు గుమ్మం దాకా కూడా రాని మన మాట ఎవరు మాట్లాడతారు?

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. మనది ఏజెన్సీ కదా, మైదానం చట్టాలు మనకి ఎలా వచ్చాయి? మంచి ప్రశ్నే. ముందు ఏజెన్సీ అనే మాట సంగతి చూద్దాం. రోజూ వాడతాం కానీ ఎక్కడిదో ఆలోచించం. 1830ల్లో పర్లాకిమిడి, విశాఖపట్నం వైపు కొండల్లో తిరుగుబాట్లు వచ్చాయి. అణచడానికి వచ్చిన జార్జి రస్సెల్ అనే అధికారి, ఈ కొండల్లో మామూలు కోర్టులు, మామూలు రూల్సు పనికిరావు అని రాశాడు. దాంతో 1839లో గంజాం, విశాఖపట్నం చట్టం వచ్చింది. కలెక్టరునే గవర్నరుకి ఏజెంటుగా పెట్టి, కొండ ప్రాంతాల్ని అతని చేతిలో పెట్టారు. ఏజెంటు ఏలే చోటు కాబట్టి ఏజెన్సీ! మనం మన నేలకి పెట్టుకున్న పేరు కాదది, మన మీద పెట్టిన ఉద్యోగి పేరు.

తర్వాత 1874లో షెడ్యూల్డ్ జిల్లాల చట్టం. ఈ జాబితాలో గోదావరి మన్యం కూడా చేరింది. ఇప్పుడు మనం షెడ్యూల్డ్ ఏరియా అంటున్న మాటకి తాత ఈ చట్టమే. ఇందులో కీలకం ఏంటంటే, ఈ ప్రాంతాల్లో ఏ చట్టం నడుస్తుందో, ఏది నడవదో సర్కారే నోటిఫికేషన్ వేసి చెప్తుంది. కొండ చుట్టూ ఒక కంచె వేశారు, ఆ కంచెకి గేటు పెట్టారు, తాళం గవర్నరు దగ్గర పెట్టారు. కాపాడడానికే కంచె అన్నారు. కానీ ఖజానాకి డబ్బు తెచ్చే పద్ధతులు వచ్చినప్పుడు ఆ గేటు తెరుచుకుంది. కొండవాడు తన మాట చెప్పుకోవడానికి కిందికి దిగితే మాత్రం తెరుచుకోలేదు.

ఉదాహరణకి కల్లు తీసుకోండి. 1864లో మద్రాసు కౌన్సిల్ అబ్కారీ చట్టం చేసింది. కల్లు, సారా మీద సర్కారు రాబడి గురించి. మద్రాసులో కూర్చున్నవాళ్ళకి అదొక ఆదాయం పద్దు. మనకి? మా కొండరెడ్డి ఊళ్ళలో జీలుగు కల్లు సంగతి మీకు చెప్పాలా? ఎండాకాలం గింజ అయిపోతే ఆ కల్లే కడుపు నింపేది. పెళ్ళికి కావాలి, చావుకి కావాలి, దేవుడికి కావాలి. 1870ల్లో అబ్కారీ పద్ధతి రంప కొండెక్కింది. ఇంటి అవసరానికి గీసుకునే కల్లుకి కూడా లెక్క కట్టారు, కాంట్రాక్టర్లకి పాట పెట్టారు. అప్పటికే రంప మన్సబ్‌దారు చిగురుపన్ను పేరుతో కల్లు మీద, పుల్లరి పేరుతో అడవి మీద పీడిస్తున్నాడు. దాని మీద ఇది. పైగా మైదానం వర్తకులు చిన్న అప్పులకి కోర్టుకెక్కి, కొండవాడు హాజరు కాలేదని ఏకపక్ష డిక్రీలు తెచ్చుకుని, పశువులూ గింజలూ జప్తు చేసేవాళ్ళు.

అదే సమయంలో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు కిందికి మారాయి. అంతకుముందు అక్కడ పోడుకి గొడ్డలికి నాలుగణాలు పన్ను. మద్రాసు సర్కారు దాన్ని బాగా పెంచింది, కొన్ని అడవుల్లో పోడు కొట్టొద్దని మూసేసింది. మాప్ మీద గీత జరిగింది, ఇక్కడ గొడ్డలి ఖరీదు పెరిగింది. ఆ గీత జరపమని ఏ కోయ ఊరు అడిగింది?

1879 మార్చిలో రంప లేచింది. కారం తమ్మన్న దొర, ద్వారబంధాల చంద్రయ్య, ఈ పేర్లు మనం పిల్లలకి చెప్పాలి. పోలీసు స్టేషన్లు తగలబడ్డాయి. గొలుగొండ కొండలకి పాకింది, రేకపల్లికి పాకింది. అణచడానికి మద్రాసు పదాతి పటాలాలే ఆరు దింపాల్సి వచ్చింది. 1880లో చంద్రయ్యని చంపారు, తర్వాత తమ్మన్న దొరని చంపారు. ఎంతమందిని జైళ్ళకి తోలారో!

ఇప్పుడు కౌన్సిల్ రూలు మళ్ళీ గుర్తు చేసుకోండి. గోదావరి జిల్లాలో ఏడాది పైన యుద్ధం జరుగుతోంది. మద్రాసు శాసన మండలిలో ఒక్క సభ్యుడు లేచి, "రంపలో ఏం జరుగుతోంది? కల్లు పన్ను ఎందుకు వేశారు?" అని అడగాలనుకున్నా అడగడానికి లేదు. ప్రశ్న అడిగే హక్కే ఆ సభకి లేదు. సభలో అడగలేని ప్రశ్నని మనోళ్ళు అడవిలో అడిగారు. అందుకే తిరుగుబాటుని తిరుగుబాటు అని మాత్రమే చదవకండి. అర్జీ తీసుకునే కిటికీ లేని చోట జనం చేసుకున్న అర్జీ అది.

ఆ తర్వాత సర్కారు ఏం నేర్చుకుంది? తిరుగుబాటు చల్లారిన రెండేళ్ళకి, 1882లో, అదే కౌన్సిల్ మద్రాసు అటవీ చట్టం చేసింది. 1882 నాటి 5వ చట్టం. మా ఊరి ఫైల్లో సారు చూపించింది ఇదే.

దీని వెనక ఒక ఆసక్తికరమైన కథ ఉంది, అది కూడా తెలుసుకోవాలి. 1878లో దేశం మొత్తానికి అటవీ చట్టం వచ్చినప్పుడు మద్రాసు దాన్ని తీసుకోలేదు. ఎందుకంటే మద్రాసు రెవెన్యూ బోర్డే అడ్డం చెప్తూ వచ్చింది. అడవులన్నీ ఏదో ఒక ఊరి హద్దుల్లోనే ఉన్నాయి, జనానికి వాటిమీద హక్కులున్నాయి, సర్కారు ఏకంగా తనదని ఎలా అంటుంది అని. విన్నారా? మన హక్కు ఉందని తెల్లదొరల ఆఫీసులోనే ఒప్పుకున్నారు. అటవీ శాఖ వైపు నుంచి డీట్రిక్ బ్రాండిస్ అనే జర్మన్ నిపుణుడు వచ్చి ప్రెసిడెన్సీ తిరిగాడు, చట్టం కావాలని వాదించాడు. చివరికి అటవీ శాఖ మాటే నెగ్గింది. రెవెన్యూ శాఖ, అటవీ శాఖ మన అడవి గురించి ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నాయి. ఆ అడవిలో ఉండేవాడిని మాత్రం సాక్షిగా కూడా ఎవరూ పిలవలేదు. పెద్దాయన అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే. పిలవలేదు తాతా. ఎవరినీ పిలవలేదు.

ఆ చట్టం ఎలా పనిచేస్తుందో చూడండి. ఫలానా హద్దుల మధ్య అడవిని రిజర్వు చేయబోతున్నామని సర్కారు గెజిట్‌లో వేస్తుంది. సెటిల్‌మెంట్ ఆఫీసరు ఊళ్ళలో ప్రకటన చేస్తాడు. హక్కు ఉన్నవాళ్ళు గడువు లోపల ఆయన దగ్గర చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే ఆ హక్కు పోయినట్టే. విచారణ అయ్యాక ఇంకో నోటిఫికేషన్, అడవి రిజర్వు. కాగితం మీద చూస్తే అన్యాయంగా కనిపించదు. నోటీసు ఇచ్చాం, గడువు ఇచ్చాం, మీరే రాలేదు అంటారు. కానీ గెజిట్ చదివేవాడు కొండమీద ఎవడున్నాడు? రంపలో పటాలాలు తిరిగిన రెండేళ్ళకి, సర్కారు మనిషి ఊళ్ళోకొస్తే ఎదురెళ్ళి "ఈ అడవి మాది" అని చెప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది? మౌనంగా ఉన్నారు కాబట్టి హక్కు లేదని రాసుకున్నారు.

సరే, కౌన్సిల్ తర్వాతైనా మారిందా? కాంగ్రెస్ వాళ్ళు అడగ్గా అడగ్గా 1892లో ఇంకో చట్టం వచ్చింది. మద్రాసులో అదనపు సభ్యులు ఇరవై మంది దాకా ఉండొచ్చన్నారు. మునిసిపాలిటీలు, జిల్లా బోర్డులు, విశ్వవిద్యాలయం, వర్తక సంఘం లాంటివి కొన్ని పేర్లు సిఫారసు చేయొచ్చు, గవర్నరు వాళ్ళని నామినేట్ చేస్తాడు. ఎన్నిక అనే మాట ఆ చట్టంలో పెట్టకుండా జాగ్రత్తపడ్డారు. అయినా అది మెట్టే. ప్రశ్న అడిగే హక్కు వచ్చింది, బడ్జెట్ మీద మాట్లాడే హక్కు వచ్చింది, ఓటు వేసే హక్కు లేదు. ఈ పద్ధతిలోనే రాజమండ్రి ప్లీడరు న్యాపతి సుబ్బారావు పంతులు గారు 1893లో సభకి వెళ్ళారు. రాజమండ్రి మనకి ఎంత దూరం? గోదావరి దిగితే వచ్చేస్తుంది. కానీ ఆ కుర్చీ రాజమండ్రి దాకా వచ్చి ఆగిపోయింది. మన్యంలో మునిసిపాలిటీ ఎక్కడ, విశ్వవిద్యాలయం ఎక్కడ, వర్తక సంఘం ఎక్కడ? దారులన్నీ పట్నం గుండానే వేశారు.

1920లో పెద్ద సంస్కరణలు వచ్చాయి, 127 మంది సభ. అందులో వెనకబడిన ప్రాంతాలకి నామినేషన్ మీద ఒక్క సీటు. 1937లో 215 మంది అసెంబ్లీ. మళ్ళీ వెనకబడిన ప్రాంతాలు, తెగలకి ఒక్క సీటు. మొదటి సభ నుంచి ఒక్క కుర్చీ దాకా రావడానికే దాదాపు అరవై ఏళ్ళు. మధ్యలో 1922 నుంచి 1924 దాకా అదే గూడెం, రంప కొండలు అల్లూరితో కలిసి మళ్ళీ లేచాయి. కారణాల్లో అడవి ఆంక్షలు మళ్ళీ ఉన్నాయి.

ఒక్కటి నిజాయితీగా చెప్పాలి. అదే మద్రాసు మండలి 1917లో ఏజెన్సీ భూముల బదిలీ చట్టం చేసింది. కొండవాళ్ళ భూమి ఏజెంటు అనుమతి లేకుండా బయటివాళ్ళకి పోకూడదని. మన 1959 రెగ్యులేషన్‌కి, దాన్ని గట్టిపరిచిన 1/70కి మూలం అక్కడుంది. అంటే శాసనసభ అనేది మనకి ఎప్పుడూ శత్రువు అని కాదు. అది ఒక పనిముట్టు. గొడ్డలి లాంటిది. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ పోడు కొడుతుంది.

తెలంగాణ తమ్ముళ్ళకి ఒక మాట. ఆదిలాబాద్ అడవులది నిజాం రాజ్యం కథ, చట్టాలు వేరు. కొమురం భీం లేచింది అందుకే. కానీ ప్రశ్నలు అవే, మీ వైపు చరిత్ర మీరు ఇలాగే తవ్వండి.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 1874 నాటి ఆ గేటు, ఆ తాళం ఇంకా ఉన్నాయి. ఐదో షెడ్యూలులో 5వ పేరా చదవండి. ఏ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాలకి వర్తించకూడదో, ఏది మార్పులతో వర్తించాలో గవర్నరు నోటిఫికేషన్ ఇవ్వొచ్చు. తాళం అదే. అప్పుడు ఆ తాళం మన మీద వాడారు, ఇప్పుడు మన కోసం వాడమని అడగొచ్చు. అడగాలంటే అది ఉందని తెలియాలి.

ఇంకోటి. 2006 అటవీ హక్కుల చట్టాన్ని 1882 చట్టం పక్కన పెట్టి చూడండి. రెండింట్లోనూ క్లెయిము పెట్టుకోవాలి, విచారణ ఉంటుంది. తేడా ఎక్కడంటే, అప్పుడు మన మాట మొదట వినేది సర్కారు ఆఫీసరు. ఇప్పుడు మొదట వినేది గ్రామసభ. అంటే మనమే! అప్పుడు గెజిట్ చదవనివాడికి హక్కు లేదు. ఇప్పుడు ఊరి పెద్దల నోటి మాట రాసి పెడితే అది సాక్ష్యం. శాటిలైట్ ఫోటో తోడుగా ఉండొచ్చు కానీ మిగతా సాక్ష్యాల బదులు అదే చాలదని రూల్సులో ఉంది.

మరి ఆ ఆఫీసు సారు అన్న మాట? ఎప్పుడో రిజర్వు అయింది కాబట్టి హక్కు లేదు అనడం తప్పు. 2006 చట్టం రిజర్వు అడవులకి కూడా వర్తిస్తుందని ఆ చట్టంలోనే రాసి ఉంది. 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉంటే ఆదివాసీ అడగొచ్చు. తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలి. గ్రామసభ తీర్మానం మీద అయితే సబ్ డివిజన్ కమిటీకి, ఆ కమిటీ నిర్ణయం మీద అయితే జిల్లా కమిటీకి, అరవై రోజుల్లో అప్పీలు పెట్టుకోవచ్చు. నోటిమాటగా "లాభం లేదు" అంటే వెనక్కి రాకండి. కాగితం అడగండి.

మేం అదే చేశాం. కారణం రాసివ్వమని అర్జీ ఇచ్చాం. గ్రామసభ మళ్ళీ పెట్టాం. సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చిన వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. మొదటిసారి సరిపోలేదు, వాయిదా వేసుకున్నాం. రెండోసారి మా అక్కలు, పెద్దమ్మలు పనులు మానుకుని వచ్చారు. పెద్దాయన తన తాత ఎక్కడ పోడు కొట్టాడో, ఏ బండ దగ్గర పండుగ చేసేవాళ్ళో చెప్తుంటే నేను రాశాను. కింద వేలిముద్ర వేశాడు. పట్టా ఇంకా రాలేదు, అబద్ధం చెప్పను. కానీ ఆ రోజు ఆ వేప చెట్టు కింద పెద్దాయన కూర్చున్న పద్ధతి చూస్తే, 1861 నుంచి మనకి ఇవ్వని కుర్చీ మా ఊళ్ళో వేసినట్టే అనిపించింది నాకు.

కాబట్టి మీ అందరికీ ఒకటే పని చెప్తున్నా. ఇంటికెళ్ళాక మీ ఊరి గ్రామసభ రిజిస్టరు ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి. తెరిచి చూడండి. మీరు రాకుండానే మీ పేరు మీద సంతకం ఉందేమో చూడండి. తీర్మానం మీకు తెలియకుండా రాశారేమో చూడండి. అప్పట్లో మనకి కుర్చీ లేక చట్టం మన మీదికి వచ్చింది. ఇప్పుడు కుర్చీ ఉంది, మనం ఖాళీగా వదిలేస్తే ఎవరో ఒకరు కూర్చుంటారు. అప్పుడు తప్పు మద్రాసుది అనడానికి ఉండదు.

జల్, జంగల్, జమీన్ మనవే! జై ఆదివాసీ!